కళ్ళు మూసుకుంటే ఏమీ కనపడనివాడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారములు.

గత నెలలో మీ ఆదివారం ఆరోగ్య పుటలో, కోరుకున్నదాన్ని కళ్ళకు కట్టినట్లు రోజూ ఊహించుకుంటే రోగం దానంతట అదే తగ్గిపోతుందన్న ధోరణిలో ఒక వ్యాసం వచ్చింది. అదే సంచికలో రెండు పుటల అవతల, నెల్లూరులోని ఒక కల్యాణ మండపంలో జరగబోయే ఒకరోజు విజువలైజేషన్ శిబిరం గురించి పెద్ద ప్రకటన కూడా ఉంది. పక్షవాతానికి, షుగరుకు, కీళ్ళనొప్పులకు, పదో తరగతి మార్కులకు, చివరికి అప్పుల బాధకు కూడా అక్కడ ఒకటే మందు చెప్తారని ఆ ప్రకటన సారాంశం. వ్యాసంలో రాసినదంతా అబద్ధమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అందులో సగం నిజం ఉంది, ఆ సగం వల్ల మేలు పొందినవాణ్ణి నేను. మిగతా సగం వల్ల మా వీధిలోనే ఒకావిడ కాలి వేలు పోగొట్టుకున్నది. ఈ రెండు సగాలనూ విడదీసి పాఠకులకు చెప్పవలసిన బాధ్యత పత్రికకు ఉన్నదని నా మనవి.

నేను పొదలకూరు మండలంలో ఉంటున్న విశ్రాంత గణిత ఉపాధ్యాయుణ్ణి. రెండేళ్ళ క్రితం కార్తిక మాసంలో ఒక తెల్లవారుజామున నాకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పూర్తిగా, కుడి కాలు కొంతవరకు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మూడో నెలలో, మా దగ్గరి బంధువు ఒకాయన మంచి ఉద్దేశంతోనే రెండు వేలు కట్టి నన్ను అటువంటి శిబిరానికే తీసుకువెళ్ళాడు. అక్కడ మాట్లాడిన వ్యక్తి అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు, పడిపోయిన అవయవం చుట్టూ బంగారు రంగు వెలుగు నిండుతున్నట్లు చూడమన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు చీకటి తప్ప ఏమీ కనపడలేదు. వెలుగు మాట అటుంచి, నా చేతి ఆకారం కూడా కనపడలేదు. పక్కన కూర్చున్నవారు కన్నీళ్ళు పెట్టుకుంటూ ఏదో చూస్తున్నారు. విరామంలో నేను సంగతి చెప్పగా, నమ్మకం లేనివారికి ఏదీ కనపడదని ఆయన మైకులోనే సమాధానమిచ్చాడు. అరవై నాలుగేళ్ళ వయసులో, అంతమంది ముందు, ఒక చెయ్యి పడిపోయిన మనిషి మనసు కూడా పడిపోయిందని చెప్పించుకొని ఇంటికి వచ్చాను.

తర్వాత తెలిసిన విషయమేమిటంటే, నాది అవిశ్వాసం కాదు, రోగమూ కాదు, అది ఒక మనోధర్మం. మనసులో బొమ్మలు అసలే ఏర్పడని, లేదా లీలగా మాత్రమే ఏర్పడే మనుషులు నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఉంటారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1880లోనే, ఆ రోజు ఉదయం ఫలహారం చేసిన బల్లను మనసులో చూసి వర్ణించమని పలువురిని అడిగి, కొందరు ఏమీ చూడలేకపోవడాన్ని గమనించాడు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ జీమన్ 2015లో ఈ స్థితికి ఎఫాంటేసియా అని పేరు పెట్టాడు. పిక్సార్ బొమ్మల చిత్రాల సంస్థను స్థాపించినవారిలో ఒకరైన ఎడ్ క్యాట్‌మల్ కూడా తన మనసులో బొమ్మ కనపడదని చెప్పుకున్నాడు. బొమ్మల మీదనే బతికిన మనిషికి లేని లోటు, సమీకరణాల మీద బతికిన నాకెందుకు లోటవుతుందని తర్వాత నాలో నేనే నవ్వుకున్నాను. ముప్పై మూడేళ్ళు రేఖాగణితం చెప్పాను, త్రిభుజాన్ని మనసులో ఒక్కసారీ చూడలేదు. తెలుసుకున్నాను, అంతే. అందరూ నాలాగే ఉంటారనీ, "కళ్ళకు కట్టినట్లు" అనేది ఒక పలుకుబడి మాత్రమేననీ అన్నాళ్ళూ అనుకున్నాను.

ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు అమ్మాయికి మరునాడు శిబిరం సంగతి చెప్పాను. ఆమె వయసు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటుంది, మా శిష్యుల పిల్లల తరం. నవ్వుతుందేమో అనుకున్నాను గాని నవ్వలేదు. "కనపడకపోతే పోనీండి సార్, మీరు చూడబన్లేదు. బోర్డు మీద గుండ్రంగా గీసేటప్పుడు భుజం ఎట్టా తిరుగుద్దో అది గుర్తు తెచ్చుకోండి చాలు" అన్నది. వృత్తలేఖిని లేకుండా నల్లబల్ల మీద ఒకే ఊపులో వృత్తం గీయడం నాకు మొదటి నుంచీ ఒక సరదా. ఆ సంగతి ఆమెకు మా ఇంటి వాళ్ళు చెప్పినట్లున్నారు. సుద్దముక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎంత గట్టిగా నలిగేది, పైనుంచి కిందికి దిగేటప్పుడు మోచెయ్యి ఏ క్షణంలో మడత విప్పుకొనేది, కింది సగం దాటి పైకి ఎక్కేటప్పుడు భుజం మీద బరువు ఎక్కడ పడేది, మణికట్టు మీద రాలిన సుద్దపొడి ఎంత చల్లగా ఉండేది, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా లోపల అనుభవించమన్నది. ఆశ్చర్యం ఏమిటంటే అది నాకు వచ్చింది. బొమ్మ లేదు గాని కదలిక ఉంది. కంటితో ఊహించడం వేరు, ఒంటితో ఊహించడం వేరని, చికిత్సలో రెండోదానికి పని ఎక్కువని ఆమె వివరించింది.

పదిసార్లు ఊహించడం, వెంటనే ఐదుసార్లు నిజంగా ప్రయత్నించడం, ఇదీ మా లెక్క. మొదట్లో నిజమైన ప్రయత్నంలో వేలు కూడా కదిలేది కాదు. దీనికి తోడు ఒక అద్దాన్ని బల్ల మీద నిలువుగా పెట్టి, కుడి చేతిని దాని వెనక దాచి, ఎడమ చెయ్యి ఆడిస్తూ అద్దంలోకి చూడమనేది. అద్దంలోని ఎడమ చెయ్యి కుడి చెయ్యిలాగా కనిపించి, పడిపోయిన చెయ్యే కదులుతున్నట్లు మెదడు భ్రమపడుతుంది. తమిళనాడులో పుట్టిన నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో, చెయ్యి తీసేసినవారికి ఆ లేని చేతిలో వచ్చే నొప్పి కోసం కనిపెట్టిన ఉపాయం ఇది, తర్వాత పక్షవాతానికి కూడా వాడుకలోకి వచ్చింది. లోపల అద్దం లేనివాడికి బయటి అద్దం పనికొచ్చింది. ఆరో వారానికి సుద్దముక్క వేళ్ళ మధ్య నిలిచింది. నాలుగో నెలలో గోడ మీద ఒక చాపం గీశాను, అది వృత్తంగా మూసుకోలేదు. "ఊహతోనే అయిపోయేటట్టుంటే రోజూ ఎండలో బండేసుకొని నేనెందుకు వస్తాను సార్" అని ఆ అమ్మాయి అన్న మాట మీ వ్యాసకర్త చదవాలని కోరుకుంటున్నాను.

ఇంత చెప్పిన తర్వాత, గణితం చెప్పినవాడిగా ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పక్షవాతం వచ్చిన మొదటి కొన్ని నెలల్లో మెదడు తనంతట తానే కొంత కోలుకుంటుంది. నా చేతికి వచ్చిన బాగులో సహజంగా వచ్చినది ఎంత, వ్యాయామం వల్ల ఎంత, ఊహ వల్ల ఎంత అని నేను విడగొట్టి చెప్పలేను. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువైనట్లు కాదని పిల్లలకు చెప్పినవాణ్ణి, నా విషయంలో మాత్రం మినహాయింపు తీసుకోలేను. అందుకే వెదికి చదివాను.

ఆల్వారో పాస్కల్ లియోన్ అనే నరాల శాస్త్రవేత్త బృందం 1995లో ప్రచురించిన ప్రయోగం ఒకటి నాకు బాగా నచ్చింది. పియానో రానివారికి ఐదు వేళ్ళతో వాయించే ఒక వరుస నేర్పి, కొందరిని రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు వాయించమన్నారు, మరికొందరిని పియానో ముందు వేళ్ళు కదపకుండా కూర్చొని వాయిస్తున్నట్లు ఊహించుకోమన్నారు. ఇద్దరి మెదడులోనూ వేళ్ళను నడిపించే ప్రాంతం విస్తరించింది. అయితే ఊహించినవారు ఐదో రోజుకు చేరుకున్న నైపుణ్యం, నిజంగా వాయించినవారు మూడో రోజుకే చేరుకున్నది. ఆ తర్వాత ఒక్క పూట రెండు గంటలు నిజంగా వాయించగానే ఊహించినవారు దాదాపు అందుకున్నారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కొద్దిమందితో చేసి 2004లో ప్రచురించిన మరొక ప్రయోగంలో, చిటికెన వేలిని పక్కకు నెట్టే బలం పన్నెండు వారాల ఊహతో 35 శాతం, నిజమైన వ్యాయామంతో 53 శాతం పెరిగింది. 35 అనేది తక్కువ అంకె కాదు, నేను మొదట చదివినప్పుడు నమ్మలేదు. కాని 53 కంటే తక్కువే కదా. శిబిరాలవారు మొదటి అంకె చెప్పి రెండోది మింగేస్తారు.

మనకు ఈ విద్య కొత్తది కాదు, ఆ మాటకు వస్తే దీనికి విజువలైజేషన్ అన్న పేరూ అక్కర్లేదు. భావన అని మంచి మాట ఉంది. మనసులో నిలుపుకోవడం అన్న అర్థంతో పాటు ఆయుర్వేదంలో దీనికి మరో అర్థం ఉంది: చూర్ణాన్ని ఒక రసంలో తడిపి నూరి ఆరబెట్టి, మళ్ళీ తడిపి మళ్ళీ ఆరబెట్టడం. మా ప్రాంతం నిమ్మతోటల సీమ కాబట్టి ఇంటింటా భావన అల్లం ఉంటుంది. అల్లం ముక్కలను ఉప్పు కలిపిన నిమ్మరసంలో నానబెట్టి, ఎండలో పెట్టి, మళ్ళీ నానబెట్టి చేస్తాము. నిమ్మకాయను తలచుకుంటూ కూర్చుంటే నోట్లో నీళ్ళు ఊరుతాయి, అదీ ఊహ శక్తే. అంతమాత్రాన అల్లం భావన కాదు.

ఇక వ్యాసంలో నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచిన విషయానికి వస్తాను. పరీక్ష రాసే పిల్లలు తమకు రావలసిన ర్యాంకును, పత్రికలో వేసిన తమ ఫొటోను రోజూ ఊహించుకోవాలని అందులో సలహా ఇచ్చారు. నెల్లూరు హాస్టళ్ళలో ఉండి చదివే పిల్లల గోడల మీద ఇటువంటి కాగితాలు అంటించి ఉండడం నేను చూశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. లియన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో కళాశాల విద్యార్థుల మీద ఈ సంగతినే పరీక్షించి 1999లో ప్రచురించారు. ఒక జట్టు మంచి మార్కులు వచ్చినట్లు, ఆ సంతోషం అనుభవిస్తున్నట్లు ఊహించుకున్నది. ఇంకో జట్టు తాము పుస్తకం తెరిచి, టీవీ కట్టేసి, ఫలానా చోట కూర్చొని చదువుతున్నట్లు ఊహించుకున్నది. రెండో జట్టు ముందుగా చదువు మొదలుపెట్టి, ఎక్కువగా చదివి, మెరుగైన మార్కులు తెచ్చుకున్నది. మొదటి జట్టుకు ఊహ వల్ల ఒరిగింది లేదు. గాబ్రియేల్ ఓటింగెన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన స్త్రీల విషయంలో గమనించినది ఇంకా సూక్ష్మమైనది. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవారు ఎక్కువ తగ్గారు. తగ్గిన తర్వాత తాము ఎంత అందంగా ఉంటామో తీయగా ఊహించుకున్నవారు తక్కువ తగ్గారు. నమ్మకమూ తీపి ఊహా ఒకటి కావన్నమాట. ఫలం ముందే నోటికి అందినట్లయితే చెట్టెక్కే ఓపిక ఎవరికి మిగులుతుంది?

నాయనార్లనే అరవై ముగ్గురు శివభక్తులలో ఒకడైన పూసలారు కథ తమిళ దేశానికి ఆనుకొని ఉన్న మనకు పరాయిది కాదు. డబ్బు లేని ఆ భక్తుడు మనసులోనే శివుడికి గుడి కట్టి కుంభాభిషేకానికి ఒక రోజు పెట్టుకున్నాడనీ, అదే రోజున కంచిలో పల్లవ రాజు కట్టించిన గుడికి కుంభాభిషేకం నిర్ణయమై ఉండగా, శివుడు రాజుకు కలలో కనపడి నేను పూసలారు గుడికి వెళ్ళాలి, నీ ముహూర్తం మార్చుకో అన్నాడనీ కథ. ఊహ గొప్పతనానికి దీన్ని చెప్తుంటారు. నేను ఇందులో మరొకటి గమనించాను. పూసలారు కళ్ళు మూసుకొని పూర్తయిన గోపురాన్ని చూస్తూ కూర్చోలేదు. మనసులోనే ధనం కూడబెట్టాడు, శిల్పులను పిలిచాడు, మంచిరోజు చూసి పునాది తీశాడు, రాయి మీద రాయి పేర్చాడు, ప్రాకారం కట్టాడు, బావి తవ్వించాడు. ఒక్క పని కూడా ఎగవేయలేదు, రోజులు పట్టింది. గాలిలో కట్టిన మేడలన్నీ ఒకటి కాదు. తాపీ పట్టుకొని కట్టిన మేడ వేరు, కట్టకుండా కాపురం పెట్టిన మేడ వేరు. ఆ శిబిరాలు నేర్పేది రెండోది.

రోగాల విషయంలో ఇది మార్కులు తగ్గడంతో ఆగదు. అమెరికాలో కార్ల్ సైమంటన్ అనే క్యాన్సర్ వైద్యుడు 1970లలో, తెల్ల రక్తకణాలు క్యాన్సర్ కణాలను తరిమివేస్తున్నట్లు ఊహించుకోవడం రోగులకు నేర్పాడు. ఆయన దాన్ని వైద్యంతో పాటు చేయించాడే గాని వైద్యం మానిపించలేదన్నది మన శిబిరాల్లో ఎవరూ చెప్పరు. ఆ ఊహ వల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. ఆందోళన తగ్గడానికి, కీమోథెరపీ అనగానే ముందే వచ్చే వికారం తగ్గడానికి మాత్రం ఇటువంటి పద్ధతులు ఉపయోగపడతాయి. ఒక రోగికి అది కూడా చిన్న మేలు కాదు, ఆ మేరకు చెప్పి ఆపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మా వీధిలో నిమ్మకాయలు ఏరే కూలికి వెళ్ళే ఒకావిడకు పదేళ్ళుగా షుగరు ఉంది. ఆమె కూడా శిబిరానికి వెళ్ళి వచ్చి, రక్తంలోని చక్కెర నీళ్ళలాగా కరిగిపోతున్నట్లు రోజూ ఊహించుకుంటూ మాత్రలు మానేసింది. శరీరానికి మాత్రల మీద ఆధారపడే అలవాటు పోతేనే ఊహ పనిచేస్తుందని చెప్పారట. అప్పటికే షుగరు వల్ల ఆమె పాదాలకు స్పర్శ తగ్గిపోయింది. తోటలో నిమ్మముల్లు గుచ్చుకున్నది తెలియలేదు. తెలిసేటప్పటికి పుండు ఎముక దాకా పోయింది, ఒక వేలు తీసేయవలసి వచ్చింది. ఆసుపత్రిలో పలకరించడానికి వెళ్ళినప్పుడు ఆమె శిబిరంవాళ్ళను తిట్టలేదు. "నాకే నమ్మకం చాల్లేదేమో అయ్యవారా" అన్నది. మైకులో నాకు వినిపించిన మాట ఆమెకు లోపల నుంచే వినిపించింది. మందు పనిచేయకపోతే మందును మారుస్తారు, ఊహ పనిచేయకపోతే నేరం రోగి మీదికి వస్తుంది. వేలు పోవడం కంటే ఇది నన్ను ఎక్కువగా బాధించింది.

విశ్వాసం మీద నాకు విరోధం ఉన్నదని ఎవరూ అనుకోవద్దు. నెల్లూరులో ఏటా మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి మతంతో నిమిత్తం లేకుండా లక్షలమంది రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అని కోరికను పేరుపెట్టి అడిగి పుచ్చుకుంటారు, తీరినవారు మరుసటి ఏడు వచ్చి అదే రొట్టెను మరొకరికి ఇస్తారు. మా ఇంట్లోవాళ్ళు నా కోసం ఆరోగ్య రొట్టె తీసుకున్నారు, నిరుడు వెళ్ళి ఇచ్చి వచ్చాము. నీళ్ళలో నిలబడి మాకు రొట్టె ఇచ్చిన ఆ తల్లి బీపీ మాత్రలు మానేయమని చెప్పలేదు. రుసుమూ అడగలేదు.

మనసు గాయాలకు కూడా ఈ పద్ధతి సరైన చేతుల్లో ఎలా పనిచేస్తుందో ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, కోవూరు వైపు ఉన్న మా బంధువుల ఇంట్లోకి అర్ధరాత్రి నీళ్ళు వచ్చాయి. వాళ్ళ పాప ఆ తర్వాత చాలా నెలలు అదే కల కని లేచి ఏడ్చేది. ఒక మానసిక వైద్యురాలు ఆ పాపను పగటిపూట మెలకువలో ఆ కలను తలచుకొని, ముగింపును తనకు ఇష్టమైనట్లు మార్చి, మార్చిన కథనే రోజూ కాసేపు ఊహించుకోమన్నది. పాప తన కలలోకి ఒక పుట్టి పడవను తెచ్చుకున్నది. కల రావడం క్రమంగా తగ్గింది. పీడకలలకు ఈ పద్ధతి మీద బారీ క్రాకో అనే వైద్యుడి వంటివారు చేసిన పరిశోధనలు 1990ల నుంచీ వైద్య పత్రికల్లో ఉన్నాయి. అయితే ఆ వైద్యురాలు పాపతో ముందు నాలుగుసార్లు మాట్లాడి, ఆమె తట్టుకోగలదని తేల్చుకున్న తర్వాతే మొదలుపెట్టింది. ఐదు వందలమందిని ఒకే హాలులో కూర్చోబెట్టి, మీ జీవితంలోని ఘోరమైన క్షణాన్ని ఇప్పుడు కళ్ళముందుకు తెచ్చుకోండని మైకులో చెప్పడం ఇది కాదు.

కాబట్టి నా మనవులు కొన్నే. ఆ వ్యాసానికి సవరణగా, ఊహ వ్యాయామానికీ వైద్యానికీ తోడే గాని ప్రత్యామ్నాయం కాదన్న రెండు వాక్యాలు అదే పుటలో వేయండి. మన జిల్లాలోని ఫిజియోథెరపిస్టులతో మాట్లాడి, పక్షవాతం వచ్చినవారు ఇంట్లో చేసుకోదగిన ఊహా సాధనను, అద్దం సాధనను బొమ్మలతో సహా ప్రచురించండి. బొమ్మ కనపడనివారు కూడా వాటిని చేయవచ్చని మరువకుండా రాయండి. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం, నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని రోగాల జాబితాలో మధుమేహాన్ని, క్యాన్సరును, పక్షవాతాన్ని చేర్చింది. ప్రకటన తీసుకునే మీ విభాగంవారి బల్ల మీద ఆ జాబితా ఒకటి ఉంచండి. శిబిరం ప్రకటన వేసే చోటనే, మనోవేదనతో ఉన్నవారు ఉచితంగా మాట్లాడగల ప్రభుత్వ టెలిమానస్ సంఖ్య 14416ను కూడా చిన్న అక్షరాలతోనైనా వేస్తే సంతోషిస్తాను.

ఈ ఉత్తరాన్ని నా కుడి చేత్తోనే రాశాను, ఆరు రోజులు పట్టింది. కంపోజు చేసేవారు అక్షరాల వంకరలు మన్నించాలి. మూడో కాగితంలో రెండు చోట్ల సున్నాలు పూర్తిగా మూసుకోలేదు, వాటిని సున్నాలుగానే చదువుకోగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా